చిట్టెలుకలో ఇన్సులిన్ పనితీరు కొలవడం ఎలా: ఊక మార్చడం దగ్గర నుంచి థీసిస్‌లో రాసే వాక్యం దాకా

నెల్లూరులో ఫార్మకాలజీ చెబుతూ ఇన్నేళ్ళలో నేను చూసిన ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం షుగర్ మీదే. కావలి నుంచి, ఒంగోలు నుంచి, పొదిలి నుంచి వచ్చి చదివే పిల్లలు. ఇంట్లో అమ్మకో తాతకో షుగర్ ఉంటుంది, అందుకే ఆ సబ్జెక్టు మీద ఇష్టం. పొడపత్రి ఆకో, మెంతులో, నేరేడు గింజో తీసుకుని కషాయం చేసి, ఎలుకలకు పట్టి, రక్తంలో గ్లూకోజ్ చూస్తారు. తగ్గితే థీసిస్ చివర "ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది" అని రాసేస్తారు. వాళ్ళు కొలిచింది మాత్రం చాలాసార్లు ఇన్సులిన్ పనితీరును కాదు. ఆ తేడా తెలిసేలా, మన కాలేజీల్లో ఉండే సామాన్లతోనే పని సరిగ్గా జరిగేలా ఇది రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా చిట్టెలుకల గురించి, అంటే మనం ల్యాబ్‌లో మైస్ అనే వాటి గురించి. ఈ డోసులు, కాలాలు ర్యాట్‌లకు అలాగే వాడకండి.

ముందు ప్రశ్న తేల్చుకోండి

గ్లూకోజ్ ఇచ్చాక రక్తంలో అది ఎంత పెరిగి ఎంతసేపటికి తగ్గిందో చూసేది గ్లూకోజ్ టాలరెన్స్ టెస్ట్, జీటీటీ. ఆ గీత వెనక చాలా పనులు కలిసి ఉంటాయి. నోటి ద్వారా ఇస్తే పేగు ఎంత వేగంగా పీల్చుకుంది, క్లోమం ఎంత ఇన్సులిన్ వదిలింది, ఆ ఇన్సులిన్ మాట కండరం, కొవ్వు, కాలేయం ఎంత విన్నాయి అనేవన్నీ ఆ ఒక్క గీతలోనే ఉన్నాయి. గీత కిందికి దిగినంత మాత్రాన అందులో ఏది మారిందో చెప్పలేం.

ఇన్సులిన్ మనమే ఇచ్చి గ్లూకోజ్ ఎంత పడిందో చూసేది ఇన్సులిన్ టాలరెన్స్ టెస్ట్, ఐటీటీ. పనితీరు అనే మాటకు ఇది దగ్గర. జీటీటీ మధ్యలో ఇన్సులిన్ కూడా కొలిస్తే క్లోమం సంగతి తెలుస్తుంది. కాలేయం గ్లూకోజ్‌గా మార్చుకోగల పైరువేట్ అనే పదార్థం ఇచ్చి చూస్తే కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారు చేసే జోరు గురించి ఒక అంచనా వస్తుంది. వీటన్నిటికంటే నమ్మదగింది క్లాంప్, దాని గురించి తర్వాత చెప్తాను.

కషాయాల మీద పనిచేసేవాళ్ళు ఒకటి తప్పకుండా చేయండి. నోటి ద్వారా గ్లూకోజ్ ఇచ్చే జీటీటీ ఒకసారి, పొట్టలోకి సూదితో ఇచ్చేది ఇంకోసారి, రెండూ పెట్టుకోండి. నోటి ద్వారా ఇచ్చినప్పుడు మాత్రమే మందు పనిచేసి, సూదితో ఇచ్చినప్పుడు తేడా లేకపోతే, మీ కషాయం పేగులోనే గ్లూకోజ్‌ను ఆపుతూ ఉండొచ్చు, లేదా పేగు నుంచి వచ్చే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్ల ద్వారా పనిచేస్తూ ఉండొచ్చు. అదీ మంచి ఫలితమే. అయితే దాన్ని ఇన్సులిన్ పనితీరు అని పిలవకూడదు.

మోడల్ కూడా ప్రశ్నకు తగ్గది కావాలి. ఎలుకలకు షుగర్ తెప్పించడానికి వాడే స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు క్లోమంలోని బీటా కణాలను చంపుతుంది, అంటే ఇన్సులిన్ తయారీనే దెబ్బతీస్తుంది. ఆ మందు ఒక్కటే ఇచ్చిన ఎలుకలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ గురించి, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దాని మాట వినకపోవడం గురించి, మాట్లాడటం పొసగదు. దానికి కొవ్వు ఎక్కువున్న ఆహారం 10 నుంచి 16 వారాలు పెట్టిన ఎలుకలు కావాలి. సి57బీఎల్/6 జాతి మగ ఎలుకలు ఈ ఆహారానికి బాగా లొంగుతాయి, ఆడవి అంత తేలిగ్గా లొంగవు. ఆ జాతిలో జే అనే శాఖకు ఎన్‌ఎన్‌టీ అనే జన్యువులో లోపం ఉంది, దాని ప్రభావం ఇన్సులిన్ విడుదల మీద పడుతుంది. ఎన్ అనే శాఖకు ఆ లోపం లేదు. అందుకే కంట్రోల్ గ్రూపు ఒక శాఖ నుంచి, టెస్ట్ గ్రూపు ఇంకో శాఖ నుంచి ఎప్పుడూ తీసుకోకండి. బిల్లు మీద ఏ శాఖ అని రాశారో చూసి నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి.

అనుమతి

జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ సీసీఎస్ఈఏ దగ్గర రిజిస్టరైన యానిమల్ హౌస్, ఐఏఈసీ అని మనం పిలిచే కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం, రిజిస్టరైన బ్రీడర్ దగ్గర కొన్న ఎలుకలు. ఈ మూడూ లేకుండా మొదలుపెట్టొద్దు. ఆమోదం కోసం పెట్టే దరఖాస్తు ఫారం-బీ లో ఎన్ని రక్తపు చుక్కలు తీస్తారో, షుగర్ పడిపోతే ఎలా కాపాడతారో కూడా రాయండి. అది రాసేటప్పుడే సగం ప్లాను తయారైపోతుంది.

గది, ఊక, చేయి

మన జిల్లాలో చాలా యానిమల్ హౌసుల్లో బోనుల కింద పరిచేది వరి ఊక. మిల్లులు దగ్గరే కాబట్టి దొరకడం తేలిక. ఒకసారి ఆరు గంటలు పస్తు పెట్టిన ఎలుకల్లో కొన్నింటికి ఫాస్టింగ్ గ్లూకోజ్ వినేవాళ్ళు నమ్మనంత ఎక్కువ వచ్చింది. కారణం పట్టుకోవడానికి బోనులో ఊక గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పోసి వేలితో చెదిరేశాను. ఊక మధ్య సన్నటి నూకలు, అక్కడక్కడా పూర్తిగా దంపుడు పడని గింజలు. గ్రిల్ మీద దాణా తీసేసి పస్తు అనుకున్నాం, కింద అవి తీరిగ్గా అన్నం తింటున్నాయి.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. ఊకను జల్లెడ పట్టి, ఆటోక్లేవ్ చేసి వాడతాం. పస్తు మొదలయ్యే నిమిషానికి ఎలుకల్ని కొత్త బోనులోకి మారుస్తాం. ఆ బోనులో నూక లేని పరుపు ఉంటుంది, కాగితపు పీలికలైనా సరే. పాత బోనులో రాలిన దాణా పొడి ఉంటుంది, ఎలుకలు తమ పెంటికలు కూడా తింటాయి. అందుకే బోను మార్చాల్సిందే. నీళ్ళ సీసా మాత్రం తీయకూడదు.

కొవ్వు ఆహారం ఫ్రిజ్‌లోనే ఉండాలి. మే నెలలో కరెంటు పోయి రెండు రోజులు ఫ్రిజ్ ఆగితే నూనె కమురు వాసన వస్తుంది, ఎలుకలు తినడం మానేస్తాయి, బరువు తగ్గుతుంది. అది మీ మందు వల్ల అనుకుంటారు.

టెస్టుకు వారం ముందు నుంచి, టెస్టు చేయబోయే మనిషే రోజూ ప్రతి ఎలుకనూ చేతిలోకి తీసుకోవాలి. తోక పట్టుకుని, తుడిచి, వదిలేయాలి. భయపడ్డ ఎలుకకు అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. మామూలు దాణా తినే ఎలుకకు జీరో నిమిషంలోనే 200 దాటిందంటే నేను మొదట అనుమానించేది చేతినే. మత్తు ఇచ్చి టెస్టు చేద్దామనే ఆలోచన వద్దు. కీటమిన్‌తో కలిపి ఇచ్చే జైలజీన్ తనంతట తానే గ్లూకోజ్‌ను బాగా పెంచుతుంది.

ఎంతసేపు పస్తు

మనకు రాత్రి భోంచేసి, పొద్దున టిఫిన్‌కు ముందు రక్తం ఇవ్వడం అలవాటు. అదే లెక్కన ఎలుకకూ రాత్రంతా పస్తు పెడతారు. చిట్టెలుక రాత్రి తిరిగే జంతువు, రోజు మేతలో ఎక్కువ భాగం రాత్రే తింటుంది. దానికి రాత్రి పస్తు అంటే మనకు రోజంతా ఏమీ తినకుండా ఉండటం లాంటిది. కాలేయంలో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ, అంటే గ్లైకోజెన్, దాదాపు ఖాళీ అవుతుంది, ఒంటి బరువూ గట్టిగా తగ్గుతుంది. పైగా మనుషుల్లో సుదీర్ఘ పస్తు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తే, ఎలుకల్లో ఇన్సులిన్‌తో గ్లూకోజ్ వాడకం పెరుగుతుంది. మీరు చూడాలనుకున్న రెసిస్టెన్స్ అక్కడే మరుగున పడొచ్చు.

అందుకని జీటీటీకి, ఐటీటీకి పొద్దున ఏడింటికి దాణా తీసి మధ్యాహ్నం ఒంటిగంటకు టెస్టు మొదలుపెట్టండి. ఐదారు గంటలు చాలు. రాత్రి పస్తు పైరువేట్ టెస్టుకు మాత్రమే ఉంచుకోండి, అక్కడ గ్లైకోజెన్ ఖాళీ కావడమే మనకు కావాలి. ఏది చేసినా అన్ని గ్రూపులకూ అదే గంట, అదే గది. మధ్యలో ఏసీ ఆగితే ఆ రోజు టెస్టు ఆపేయడమే మంచిది. చల్లగా ఉంటే ఒళ్ళు వేడిగా ఉంచుకోవడానికే ఎలుక ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది, వేడెక్కితే ఆ ఖర్చు మారిపోతుంది.

జీటీటీ, అడుగడుగునా

దాణా తీశాక ప్రతి ఎలుకనూ తూచి తోక మీద మార్కర్‌తో గీతలు పెట్టండి. 20 శాతం గ్లూకోజ్ ద్రావణం చేసుకోండి, అంటే సెలైన్‌లో మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు. డోసు కిలోకు 2 గ్రాములు అనుకుంటే గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. 25 గ్రాముల ఎలుకకు 0.25 మి.లీ., అందులో 50 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఈ లెక్క ప్రతి ఎలుక పేరు పక్కనా ముందే రాసి పెట్టుకోవాలి. గడియారం నడుస్తుండగా కాలిక్యులేటర్ తీస్తే తప్పు దొర్లుతుంది.

కొవ్వు ఆహారం తిన్న 45 గ్రాముల ఎలుకకు బరువు లెక్కన ఇస్తే, సన్న ఎలుక కంటే దాదాపు రెట్టింపు గ్లూకోజ్ పోతుంది. పెరిగిన బరువులో చాలా భాగం కొవ్వు, అది గ్లూకోజ్‌ను కండరమంతగా వాడుకోదు. కొవ్వు తీసేసిన బరువు కొలిచే యంత్రం ఉంటే ఆ లెక్కన ఇవ్వడం న్యాయం. లేకపోతే డోసు కిలోకు 1 గ్రాముకు తగ్గించి, ఎందుకు తగ్గించారో రాయండి. తగ్గించకపోతే గ్లూకోమీటర్ 600 దాటి 'హెచ్ఐ' అని చూపిస్తుంది, అంకె లేని రీడింగ్‌తో మీరేమీ చేయలేరు.

జీరో నిమిషం రక్తం ముందు తీయాలి. తోక చివర ఒక మిల్లీమీటరు లోపు మాత్రమే పదునైన బ్లేడుతో తీయండి. మొదటి చుక్కను దూదితో తుడిచేయండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య తోకను మెల్లగా మొదలు నుంచి చివరికి ఒకసారి నిమిరితే గుండు సూది తలంత చుక్క కుదురుగా నిలబడుతుంది. స్ట్రిప్ అంచును దానికి తాకించాలి, చుక్కను స్ట్రిప్ మీద రుద్దకూడదు. చుక్క రావట్లేదని ఆవు పాలు పితికినట్టు పిండితే రక్తంతో పాటు కణజాలపు ద్రవం వచ్చి రీడింగ్ తప్పుతుంది. రాకపోతే తోకను గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో కాసేపు పట్టుకోండి. తర్వాతి రీడింగులకు కొత్తగా కోయక్కర్లేదు, ఎండిన పెచ్చు తుడిస్తే చాలు.

ఇంజెక్షన్ పొట్ట కింది భాగంలో, ఎలుకకు కుడి పక్కన. తల కొంచెం కిందికి వంచి పట్టుకుంటే పేగులు ముందుకు జారతాయి. ఒక్కో ఎలుకకు ఒక్కో నిమిషం ఎడం ఇవ్వండి. మొదటిది 1.00కు, రెండోది 1.01కి. పది ఎలుకలైతే 15వ నిమిషం రీడింగుల వేళకు అందరికీ ఇంజెక్షన్ అయిపోయి ఉంటుంది. తర్వాత 15, 30, 60, 90, 120 నిమిషాలు. ఒకరు ఎలుకను పట్టుకోవాలి, ఒకరు స్ట్రిప్ పెట్టాలి, మూడో మనిషి సమయం పిలిచి రాయాలి. ఇద్దరితో చేస్తే ఏదో ఒక రీడింగ్ ఆలస్యమవుతుంది.

స్ట్రిప్‌లన్నీ ఒకే లాట్‌వి కావాలి. డబ్బా మూత ప్రతిసారీ వేయాలి. సముద్రం దగ్గరున్న మన ఊళ్ళలో గాలి తేమకు స్ట్రిప్ తొందరగా పాడవుతుంది.

ఇన్సులిన్ సీసా దగ్గర ఆగండి

మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మి.లీ.కు 40 యూనిట్లు, మి.లీ.కు 100 యూనిట్లు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత.

కొన్నేళ్ళ కిందట మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి 40 సీసా లెక్కతో డైల్యూషన్ చేసింది. ఆ రోజు ఫ్రిజ్‌లో ఉన్నది 100 సీసా. రెండున్నర రెట్లు డోసు పోయింది. అరగంట దాటేసరికి ఒక ఎలుక బోను మూలకు చేరి కడుపు నేలకానించి పడుకుంది. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది, కాసేపటికి కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది. మీటర్ 'ఎల్ఓ' అని, అంటే కొలవలేనంత తక్కువ అని, చూపించింది. గ్లూకోజ్ సిరంజి ముందే నింపి పెట్టుకోలేదు. నింపేలోపు రెండు ఎలుకలు పోయాయి, నాలుగు బతికాయి. ఆ అమ్మాయి ఆ సాయంత్రం అన్నం తినలేదు. ఆమె చేసిన డైల్యూషన్‌ను రెండో మనిషి చూడాలనే నియమం అప్పటికి నేను పెట్టి ఉండాల్సింది. ఇప్పుడు సీసా లేబుల్ ఇద్దరు చదివి ఇద్దరూ సంతకం పెట్టనిదే మా దగ్గర ఐటీటీ మొదలు కాదు.

వాడేది రెగ్యులర్ ఇన్సులిన్ మాత్రమే. పాలలా కనిపించే ఎన్‌పీహెచ్, రోజంతా పనిచేసే గ్లార్జిన్ పనికిరావు. డోసు కిలోకు 0.75 యూనిట్లు అనుకుందాం. 40 సీసా నుంచి 0.1 మి.లీ. తీసి 3.9 మి.లీ. సెలైన్‌లో కలిపితే మి.లీ.కు 1 యూనిట్. 100 సీసా అయితే అదే 0.1 మి.లీ.ని 9.9 మి.లీ.లో కలపాలి. ఆ ఒక యూనిట్ ద్రావణం 0.75 మి.లీ. తీసుకుని 9.25 మి.లీ. సెలైన్ చేర్చితే మి.లీ.కు 0.075 యూనిట్లు. ఇది కూడా గ్రాముకు 10 మైక్రోలీటర్లే. 25 గ్రాముల ఎలుకకు 0.25 మి.లీ. సెలైన్‌లో 0.1 శాతం ఆల్బుమిన్ కలపండి, లేకపోతే ఇంత పలచటి ఇన్సులిన్ ట్యూబు గోడకు అంటుకుపోయి ఎలుకకు అందేది తగ్గుతుంది. ఎప్పటికప్పుడు తాజాగా చేసి ఐసు మీద ఉంచండి.

సన్న ఎలుకలకు 0.5 నుంచి 0.75, కొవ్వు ఆహారం తిన్నవాటికి 1 లేదా ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. పోల్చే గ్రూపులన్నిటికీ ఒకే డోసు ఉండాలి కాబట్టి ముందు రెండు మూడు ఎలుకల మీద చూసుకుని నిర్ణయించండి. రీడింగులు 0, 15, 30, 45, 60 నిమిషాలకు. 20 శాతం గ్లూకోజ్ నింపిన సిరంజి ప్రతి ఎలుకకూ ఒకటి బల్ల మీద సిద్ధంగా ఉండాలి. రీడింగ్ 40 కిందికి వెళ్ళినా, అంకె బాగానే ఉండి ఎలుక స్తబ్దుగా పడి ఉన్నా, వెంటనే ఇచ్చేయండి. దాని తర్వాతి అంకెలు లెక్కలోకి రావు. ఫలితం పోయిందే అని ఆలోచించకండి.

ఈ రెండు టెస్టుల మధ్య కనీసం వారం గడవనివ్వండి. 25 గ్రాముల ఎలుక ఒంట్లో రక్తమంతా కలిపి 1.8 మి.లీ. దగ్గరే. గ్లూకోమీటర్‌కు కావాల్సింది చిన్న చుక్కే, కానీ జీటీటీలో 0, 15, 30 నిమిషాలకు ఇన్సులిన్ కొలిచే ఎలైజా పరీక్ష కోసం రక్తం తీస్తే ఒక్కోసారి 30 మైక్రోలీటర్లు ఖర్చు. ఒక్కసారికి మొత్తం రక్తంలో పదో వంతు దాటకూడదు.

ఫాస్టింగ్ గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ ఉంటే హోమా-ఐఆర్ అనే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంచనా లెక్క కట్టడం అలవాటు. గ్లూకోజ్ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, ఇన్సులిన్ మి.లీ.కు మైక్రోయూనిట్లలో తీసుకుని గుణించి 405తో భాగిస్తారు. 1985లో మనుషుల కోసం తయారైన సూత్రం అది. ఎలుకల్లో గ్రూపుల మధ్య పోలికకు తోడుగా పెట్టుకోవచ్చు, దాని మీదే తీర్పు చెప్పకూడదు.

క్లాంప్ అంటే ఏమిటి

చెరువు తూము తెరిచారనుకోండి. నీళ్ళు పొలానికి పోతున్నాయి. చెరువు మట్టం మాత్రం అంగుళం కూడా తగ్గకూడదని కాలవ నుంచి నీళ్ళు వదులుతున్నారు. కాలవ నుంచి ఎంత వదలాల్సి వచ్చిందో కొలిస్తే తూము ఎంత లాగుతోందో తెలుస్తుంది. క్లాంప్‌లో ఇన్సులిన్‌ను సిరలోకి ఆగకుండా ఎక్కించడం తూము తెరవడం. రక్తంలో గ్లూకోజ్ ఒకే మట్టంలో ఉండేలా పక్క నుంచి గ్లూకోజ్ ఎక్కిస్తూ, ఐదు పది నిమిషాలకోసారి చూసి వేగం మార్చడం కాలవ పని. ఎక్కువ గ్లూకోజ్ పట్టిందంటే ఇన్సులిన్ బాగా పనిచేస్తున్నట్టు.

చెరువుకు అడుగున ఊట కూడా ఉంటుంది. ఒంట్లో ఆ ఊట కాలేయం, అది తనూ గ్లూకోజ్ వదులుతుంది. ఇన్సులిన్ తూము తెరవడమే కాదు, ఊటను కూడా మూస్తుంది. కాలవ అంకె ఒక్కటే చూస్తే తూము పెద్దదైందో, ఊట ఆగిందో తెలియదు. అందుకే రేడియో ధార్మిక గ్లూకోజ్‌ను గుర్తుగా కలిపి రెంటినీ విడదీస్తారు. ఈ పద్ధతిని మనుషుల్లో ప్రామాణికం చేసింది 1979లో డిఫ్రాంజో, టోబిన్, ఆండ్రస్. చిట్టెలుకకు మెడలో సిరకూ ధమనికీ సన్నటి గొట్టాలు అమర్చి, నాలుగైదు రోజులు కోలుకోనిచ్చి, మెలకువగా ఉండగా చేస్తారు. శస్త్రచికిత్సలో బాగా చేయి తిరగాలి, ఆ రేడియో ధార్మిక గ్లూకోజ్‌కు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. మన కాలేజీల్లో ఇది మొదలుపెట్టమని నేను చెప్పను. మీ జీటీటీ, ఐటీటీ ఫలితాలు గట్టిగా ఉంటే, క్లాంప్ చేసే పెద్ద సంస్థతో కలిసి పనిచేయడానికి అవే మీ అర్హత.

అంకెలు చూసే తీరు

ఉదాహరణకు జీటీటీలో ఒక ఎలుక రీడింగులు 130, 310, 290, 210, 165, 140 అనుకోండి. పక్కపక్క రీడింగుల సగటును మధ్య నిమిషాలతో గుణించి కూడితే 3300, 4500, 7500, 5625, 4575, మొత్తం 25,500. ఇది గీత కింది వైశాల్యం. ఇందులో మొదటి మట్టం 130ని 120 నిమిషాలతో గుణించి, ఆ 15,600 తీసేస్తే 9,900. గ్లూకోజ్ ఇచ్చినందువల్ల పెరిగింది ఇంతే. ఫాస్టింగ్ మట్టమే వేరుగా ఉన్న రెండు గ్రూపుల్ని మొత్తం వైశాల్యంతో పోలిస్తే, ఆ ఫాస్టింగ్ తేడానే టాలరెన్స్ తేడాలా కనిపిస్తుంది. రెండు అంకెలూ ఇవ్వండి.

ఐటీటీలో శాతాలు ఇలాగే తికమక పెడతాయి. ఒక ఎలుక 150 నుంచి 75కి పడితే సగానికి సగం తగ్గినట్టు. ఇంకోటి 250 నుంచి 150కి పడితే 40 శాతమే, కానీ పడింది 100. ఏది బాగా స్పందించింది? శాతం గ్రాఫు పక్కన అసలు అంకెల గ్రాఫు కూడా ఉంటే చదివేవాళ్ళు తేల్చుకుంటారు. మందు ఏ బోనుకు పోయిందో రీడింగ్ తీసే మనిషికి తెలియకూడదు. ఒక గ్రూపు మొత్తాన్నీ ఒకే బోనులో పెట్టకుండా పంచండి. గ్రూపుకు ఎనిమిది నుంచి పది ఎలుకలు పెట్టుకోండి. ఎన్ని కావాలో పైలట్ రీడింగుల్లో కనిపించిన హెచ్చుతగ్గుల్ని బట్టి ముందే లెక్క కట్టి కమిటీకి చూపించాలి.

టెస్టు అయ్యాక తోక చివర రక్తం ఆగిందో లేదో చూసి, దాణా పెట్టి, గంట తర్వాత మళ్ళీ ఒకసారి బోనుల దగ్గరికి వెళ్ళి ప్రతి ఎలుకా తింటోందో లేదో చూడండి.

ఇక థీసిస్ వాక్యం. నోటి జీటీటీ ఒక్కటే చేసి ఉంటే "ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది" అనే మాట కొట్టేసి, "ఆరు గంటల పస్తు తర్వాత నోటి ద్వారా కిలోకు 2 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చినప్పుడు, ఈ కషాయం తీసుకున్న మగ ఎలుకల్లో గ్లూకోజ్ పెరుగుదల తక్కువగా ఉంది" అని రాయండి. ఐటీటీ కూడా అయి, అందులోనూ తేడా నిలిస్తే, అప్పుడు ఇన్సులిన్ పేరు రాయండి.